‘పోనీలే’ అంటే... పోదు!

కాలేజీలు తెరిచారు. పెట్టే బేడా సర్దుకుని పిల్లలు హాస్టళ్లకు బయల్దేరుతున్నారు. వాళ్ల వెంట అమ్మానాన్నలు పంపే మాట ఒక్కటే... ‘జాగ్రత్త’. ఆ ఒక్క మాటలో ఏమేం ఉండాలో విడమరిచి చెప్పే కథనమిది.

ఏటా బస్టాండులో కనిపించే దృశ్యమే. ఓ సూట్‌కేసు, చుట్టకట్టిన పరుపు, కొత్త బకెట్టు, బకెట్లో మగ్గు, మగ్గులో సబ్బుపెట్టె. నూనె కారకుండా రెండు కవర్లు చుట్టిన ఆవకాయ సీసా మాత్రం ఒళ్లోనే. బస్సు కదిలే ముందు నాన్న కిటికీ దగ్గరికొచ్చి నీళ్లసీసా అందిస్తూ ‘జాగ్రత్త’ అంటాడు. అమ్మ ఆ మాట ముందురోజు రాత్రి నుంచీ అంటూనే ఉంది. ఊళ్లో తాతయ్య ఫోన్ చేసి మరీ అన్నాడు.

దేనితో జాగ్రత్త? ఎవరితో జాగ్రత్త? అడిగితే ‘అన్నిటితోనూ’ అంటారు. అంతకుమించి వివరం ఉండదు.

హాస్టల్లో చేరిన నెల తిరక్కుండానే ఆ పిల్లలు మరో మాట నేర్చుకుంటారు. అది ‘పోనీలే’. గది గడియ సరిగ్గా పడట్లేదు... పోనీలే, ఇంతమందిమి ఉన్నాం కదా! సీనియర్ నిన్న కాస్త అతి చేశాడు... పోనీలే, అందరికీ జరిగేదే. వాడెవడో రోజూ బస్టాపులో నిలబడి చూస్తున్నాడు... పోనీలే, వాడే విసుగుపుట్టి మానేస్తాడు. ఎవరో ఫోన్లో మాయచేసి రెండు వేలు లాగేశారు... పోనీలే, ఇంట్లో తెలిస్తే తిడతారు.

నేరం చేసేవాడికి కావలసింది సరిగ్గా ఈ మాటే. మొదటిసారి ‘పోనీలే’ అనిపించుకున్నవాడు రెండోసారి ఇంకో అడుగు ముందుకేస్తాడు. చిన్నప్పుడే ఆపగలిగినవాటిని పెద్దవయ్యేదాకా పెంచి పోషించేది మన మొహమాటమే. క్యాంపస్‌లో ఆ మాట ఎక్కడెక్కడ వినిపిస్తుందో ఒక్కొక్కటిగా చూద్దాం.

తలుపు తీసే ఉంది!

సినిమాల్లో దొంగ అర్ధరాత్రి గోడ దూకి వస్తాడు. హాస్టల్ దొంగకు అంత శ్రమ అక్కర్లేదు. తెల్లవారుజామున అందరూ గాఢనిద్రలో ఉన్నప్పుడో, పొద్దున్నే స్నానాలగదుల దగ్గర హడావుడిగా ఉన్నప్పుడో వస్తాడు. భుజాన బ్యాగు తగిలించుకుని మరో విద్యార్థిలాగే మెట్లెక్కుతాడు. తలుపు దగ్గరికి వేసి ఉంటుంది, తోస్తే తెరుచుకుంటుంది. ఛార్జింగ్‌కి పెట్టిన ఫోనూ బల్లమీద ల్యాప్‌టాపూ బ్యాగులోకి చేరడానికి రెండు నిమిషాలు చాలు. హైదరాబాద్‌లోని అమీర్‌పేట, ఎస్సార్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, మాదాపూర్ లాంటి చోట్ల వీధి వీధికీ ప్రైవేటు హాస్టళ్లే. వారం వారం కొత్త మొహాలే. పక్కగదిలో ఎవరుంటున్నారో ఈ గదివాళ్లకు తెలియదు. కొత్తవాడు కలిసిపోవడానికి అంతకన్నా మంచి చోటేముంటుంది?

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. స్నానానికి వెళ్లినా సరే, గదికి తాళం వేయాలి. హాస్టల్ ఇచ్చిన తాళం చెవులు ఇంతకుముందు ఎంతమంది చేతులు మారాయో తెలియదు కాబట్టి సొంత తాళం కొనుక్కోవాలి. మెట్లమీద కొత్తవాళ్లు కనిపిస్తే ‘ఎవరి రూమ్ కావాలన్నా?’ అని అడగాలి. నిజంగా పనుండి వచ్చినవాళ్లు నవ్వుతూ జవాబు చెబుతారు. లేనివాళ్లు ఏదో పేరు గొణిగి వెనక్కి తిరుగుతారు. ఆ ఒక్క ప్రశ్న సీసీ కెమెరా చేయలేని పని చేస్తుంది. కెమెరా జరిగాక చూపిస్తుంది, ప్రశ్న జరగకముందే ఆపుతుంది.

రెండో జాగ్రత్త... కొన్నరోజే చేయాల్సింది. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సీరియల్ నంబరునూ బిల్లునూ ఫొటో తీసి మీ మెయిల్‌కే పంపుకోండి. ఫోన్లో స్టార్ హ్యాష్ 06 హ్యాష్ నొక్కితే 15 అంకెల ఐఎంఈఐ నంబరు వస్తుంది. దాన్నీ రాసి పెట్టుకోండి. ఫోన్ పోతే ముందు సిమ్‌నూ యూపీఐనీ ఆపించాలి. తర్వాత పోలీసు ఫిర్యాదు. ఆపైన కేంద్ర టెలికాం శాఖ 2023 మేలో దేశమంతటికీ అందుబాటులోకి తెచ్చిన ‘సంచార్ సాథీ’ పోర్టల్‌లో ఆ ఐఎంఈఐని బ్లాక్ చేయించాలి. అప్పుడు దొంగ వేరే సిమ్ వేసినా ఫోన్ పనిచేయదు. ఎక్కడ వాడబోయారో పోలీసులకు ఆచూకీ తెలుస్తుంది. ఈ దారిలో పోయిన ఫోన్లు తిరిగి సొంతదారుల చేతికి అందడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ జరుగుతున్నదే. ‘పాత ఫోనే కదా, పోనీలే’ అన్నవాళ్లవి మాత్రం రావు. పైగా మీ పేరుమీదున్న సిమ్‌తో ఎవరు ఏం చేసినా ముందు పిలుపు వచ్చేది మీకే.

రోడ్డుమీద ఫోన్ చూసుకుంటూ నడిచేవాళ్ల చేతిలోంచి బైకు మీద వచ్చి లాక్కుపోవడం మరో రకం. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో లాక్కుపోవడాన్ని 304వ సెక్షన్ కింద విడిగా నేరంగా చేర్చారు. శిక్ష మూడేళ్ల వరకూ ఉంటుంది. ఫుట్‌పాత్ లేని చోట వాహనాలకు ఎదురుగా, అంటే కుడివైపున నడిస్తే వచ్చే బండి కళ్లముందే ఉంటుంది. బ్యాగు రోడ్డువైపు కాకుండా గోడవైపు భుజానికి ఉండాలి.

‘ఇంట్రో’ ఇచ్చుకో!

కొత్తగా చేరినవాళ్లని సీనియర్లు ఆపి పేరూ ఊరూ అడగడం పరిచయమే. మోకాళ్లమీద నిలబెట్టడం, మీసాలు తీయించడం, రికార్డులు రాయించుకోవడం, డబ్బులు గుంజడం, వాట్సాప్ గ్రూపులో అర్ధరాత్రి హుకుంలు జారీ చేయడం... ఇవేవీ పరిచయాలు కావు. ‘మమ్మల్నీ ఇలాగే చేశారు, గట్టిపడ్డాం’ అనే సీనియర్ తన దెబ్బను ఇంకొకరికి అప్పగిస్తున్నాడంతే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం చేసింది. ఆ చట్టంలో శిక్షలు మెట్లు మెట్లుగా ఉంటాయి. ఏడిపించి అవమానిస్తే ఆరు నెలల వరకూ జైలు. కొట్టినా బెదిరించినా ఏడాది. నిర్బంధించినా గాయపరిచినా రెండేళ్లు. తీవ్రంగా గాయపరిస్తే ఐదేళ్లు. ప్రాణం పోవడానికి కారణమైతే యావజ్జీవం దాకా. శిక్ష పడితే కాలేజీ నుంచి పేరు కొట్టేస్తారు. ఆ శిక్ష ఆరు నెలలు మించితే వేరే కాలేజీలో చేరే దారి కూడా మూసుకుపోతుంది.

చట్టం ఉన్నా ప్రాణాలు పోతూనే ఉన్నాయి. 2009 మార్చిలో హిమాచల్‌ప్రదేశ్‌లోని ఓ వైద్య కళాశాలలో సీనియర్లు కొట్టిన దెబ్బలకు మొదటి సంవత్సరం విద్యార్థి చనిపోయాడు. దేశం ఉలిక్కిపడింది. సుప్రీంకోర్టు ఆదేశాలతో, సీబీఐ మాజీ డైరెక్టర్ ఆర్కే రాఘవన్ కమిటీ సిఫార్సుల ఆధారంగా అదే ఏడాది యూజీసీ నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లోగా కాలేజీ పెద్దే పోలీసు కేసుకు కదలాలి. మొదటి సంవత్సరం వాళ్లకు వీలైనంత వరకూ వేరే బ్లాకులో గదులివ్వాలి. ఎవరు చేశారో తేలకపోతే అక్కడున్న అందర్నీ కలిపి శిక్షించవచ్చు. ‘నేను చూస్తూ నిలబడ్డానంతే’ అనే మాట అక్కడ చెల్లదు. 1800-180-5522 నంబరుకు ఇరవై నాలుగు గంటల్లో ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు.

మన దగ్గర 2015 జులైలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయంలో ఆర్కిటెక్చర్ మొదటి సంవత్సరం విద్యార్థిని బలవన్మరణం రాష్ట్రాన్ని కదిలించింది. ఊరేగింపులూ విచారణ కమిటీలూ వచ్చాయి. తొమ్మిదేళ్ల తర్వాత 2024 నవంబరులో, నేరం రుజువు కాలేదంటూ గుంటూరు కోర్టు ఆ కేసు కొట్టేసింది. న్యాయస్థానానికి కావలసింది ఆధారం. జరిగింది జరిగినరోజే రాసిపెట్టడం, స్నేహితులకు మెసేజ్‌లో చెప్పి ఉంచడం, స్క్రీన్‌షాట్లు దాచడం, లిఖితపూర్వక ఫిర్యాదు ఇచ్చి నకలు తీసుకోవడం... ఇవన్నీ ఆనాటికి చాదస్తంలా కనిపిస్తాయి. మాటకు బలం వచ్చేది వాటివల్లే.

వెంటపడితే ప్రేమా?

మన సినిమా హీరో మొదటి పాటకు ముందు చేసే పనేంటి? అమ్మాయి ఎక్కిన బస్సే ఎక్కడం, ఆమె ఇంటిముందే బైకు ఆపడం, వద్దంటే ఇంకో నలుగురిని వెంటేసుకుని రావడం. విరామం నాటికి ఆమె మనసు మారిపోతుంది. థియేటర్ బయట ఆ మొత్తానికి ఉన్న పేరు వేరు. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద అది వెంబడించి వేధించడమనే నేరం. మొదటిసారి మూడేళ్ల వరకూ, మళ్లీ చేస్తే ఐదేళ్ల వరకూ జైలు. ఇష్టం లేదని చెప్పిన అమ్మాయిని ఇన్‌స్టాగ్రామ్‌లో, మెయిల్‌లో అదేపనిగా గమనించడం కూడా ఇందులోకే వస్తుంది.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇంజినీరింగ్ చదివే ఇద్దరు అమ్మాయిల మీద యాసిడ్ పోశారు. ఒకరు ప్రాణాలు కోల్పోయారు. 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు, నడిరోడ్డు మీద బీటెక్ విద్యార్థినిని పొడిచి చంపేశాడు సామాజిక మాధ్యమంలో పరిచయమైన యువకుడు. మరుసటి ఏప్రిల్లో ప్రత్యేక కోర్టు అతడికి ఉరిశిక్ష విధించింది. తీర్పు వేగంగా వచ్చింది, అమ్మాయి మాత్రం తిరిగి రాలేదు. ఇలాంటి కథలు కత్తితో మొదలుకావు. వద్దన్నా ఆగని మెసేజ్‌లతో మొదలవుతాయి.

అందుకే మొదట్లోనే చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. ‘నాకు ఇష్టం లేదు, మెసేజ్ చేయొద్దు’ అని ఒక్కసారి, స్పష్టంగా, రాతలో చెప్పాలి. ఆపైన తిట్టడానికైనా సరే జవాబివ్వకూడదు. చాట్‌ను చెరిపేయకుండా తేదీలతో దాచాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ఎదురుపడితే జనం ఉన్న దుకాణంలోకో గేటు దగ్గరికో నడవాలి. ‘ఆఖరిసారి ఒక్కసారి కలుద్దాం, తర్వాత కనిపించను’ అనే మాటకు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ లొంగకూడదు. ఆ కలయిక జాలితో ఒప్పుకునేది, ప్రాణం మీదికి తెచ్చేది.

ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారన్న భయంతోనే చాలామంది అమ్మాయిలు నోరు మెదపరు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో మొదలైన పోలీసుల షీ టీమ్స్ ఆ భయం తెలిసి పుట్టినవే. స్టేషన్ మెట్లెక్కకుండా వాట్సాప్‌లో ఫిర్యాదు చేయవచ్చు, పేరు బయటకు రాదు. మఫ్టీలో వచ్చి వేధించేవాడిని చూసి, వీడియో తీసి, ఆపైనే పట్టుకుంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025 మార్చి 8న వచ్చిన శక్తి యాప్ ద్వారా ఇలాంటి సాయమే అందుతుంది.

వేధించేది అధ్యాపకుడో తోటి విద్యార్థో అయితే క్యాంపస్‌లోనే మరో తలుపు ఉంది... అంతర్గత ఫిర్యాదుల కమిటీ, అందరూ ఐసీసీ అనేది. లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం, 2015 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో అది ఉండి తీరాలి. దానికి సీనియర్ మహిళా అధ్యాపకురాలు అధ్యక్షత వహించాలి. సభ్యుల్లో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన ఫిర్యాదైతే విద్యార్థి ప్రతినిధులూ కూర్చోవాలి. ఘటన జరిగిన మూడు నెలల్లోగా ఫిర్యాదు చేస్తే 90 రోజుల్లో విచారణ ముగించాలి. ఇప్పుడో చిన్న పరీక్ష. మీ కాలేజీలో ఆ కమిటీ అధ్యక్షురాలి పేరేంటి? తెలియకపోతే సోమవారం కాలేజీకి వెళ్లగానే నోటీసు బోర్డు చూడండి. అక్కడా లేకపోతే ప్రిన్సిపాల్‌ని అడగండి. అడగడం మీ హక్కు, చెప్పడం వాళ్ల విధి.

మరి పక్కనున్న మనం? బస్టాపులో ఎవరో ఓ అమ్మాయిని ఇబ్బంది పెడుతున్నట్టు అనుమానం వస్తే వాడితో తలపడే సాహసం అక్కర్లేదు. నేరుగా ఆ అమ్మాయి దగ్గరికెళ్లి ‘అక్కా, ఇబ్రహీంపట్నం బస్సు వెళ్లిపోయిందా?’ అని అడిగితే చాలు. ఆమె ఒంటరిది కాదని వాడికి అర్థమవుతుంది. ఆమెకూ అర్థమవుతుంది.

జేబులో ఉన్న దొంగ

‘ఇంట్లో కూర్చుని రోజుకు మూడు వేలు సంపాదించండి.’ టెలిగ్రామ్‌లో మెసేజ్. వీడియోకు లైకు కొట్టాలి, హోటల్‌కు రేటింగ్ ఇవ్వాలి. మొదటిరోజు నిజంగానే రెండొందలు ఖాతాలో పడతాయి. నమ్మకం కుదిరాక ‘ప్రీపెయిడ్ టాస్క్’ అంటారు. వెయ్యి కడితే పదమూడొందలు, పది వేలు కడితే పదమూడు వేలు. ఫీజు డబ్బులు అటు వెళతాయి. స్క్రీన్ మీద లాభం కనిపిస్తూనే ఉంటుంది, తీసుకోబోతే పన్ను కట్టమంటారు. ఎర వేసి చేపను పట్టడమే ఇది.

దీనికన్నా ప్రమాదకరమైన ఎర ఇంకొకటుంది. ‘నీ బ్యాంకు ఖాతా ఒక నెల మాకివ్వు. ఏటీఎం కార్డూ సిమ్మూ ఇస్తే చాలు, కమీషన్ ఇస్తాం’ అంటాడు ఓ సీనియర్. మోసపోయినవాళ్ల డబ్బు దాచిపెట్టి, దాటించడానికి వాడే ఇలాంటి అద్దె ఖాతాలను పోలీసులు మ్యూల్ అకౌంట్లు అంటారు. ఎక్కడో ఓ రిటైర్డ్ టీచర్ పోగొట్టుకున్న జీవితకాలపు పొదుపు మీ ఖాతా మీదుగా వెళుతుంది. పోలీసులు వెతుక్కుంటూ వచ్చేది ఖాతా ఎవరి పేరున ఉందో వాళ్ల దగ్గరికే. కమీషన్ కింద ఐదు వేలు ముట్టినవాడు నేరంలో నిందితుడవుతాడు. పాస్‌పోర్టు పరిశీలన, ఉద్యోగ పరిశీలన... అన్నిచోట్లా ఆ కేసు ఎదురొస్తుంది.

మగపిల్లలకు వేసే వల మరోటి. అర్ధరాత్రి తెలియని నంబరు నుంచి వీడియో కాల్. ఎత్తితే అటువైపు నగ్నంగా అమ్మాయి. పది సెకన్లలో కాల్ ఆగిపోతుంది. ఇద్దరూ ఒకే తెరమీద ఉన్న వీడియో వచ్చేస్తుంది. ‘మీ అమ్మానాన్నలకూ స్నేహితులకూ పంపిస్తాం, ఇరవై వేలు వెయ్యి.’ వేస్తే ఆగుతారా? ఇచ్చేవాడు దొరికాడని రేటు పెంచుతారు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సినవి మూడు. డబ్బు పంపొద్దు. చాట్ చెరపొద్దు. ఒంటరిగా ఉండొద్దు, వెంటనే ఎవరో ఒకరికి చెప్పాలి. ఈ నేరం నడిచేది సిగ్గు మీద. చెప్పేస్తే దాని ఇంధనం అయిపోతుంది. ఫొటోలు నెట్‌లో పెడతామని బెదిరిస్తుంటే 18 ఏళ్లు నిండినవాళ్లు ‘స్టాప్ ఎన్‌సీఐఐ’ అనే ఉచిత వేదికను వాడుకోవచ్చు. ఫొటో మన ఫోన్ దాటి వెళ్లదు. దాని డిజిటల్ వేలిముద్ర మాత్రమే వెళుతుంది. అందులో భాగమైన సామాజిక మాధ్యమ సంస్థలు ఆ ముద్ర సాయంతో దాన్ని అడ్డుకుంటాయి.

డబ్బు పోయిందా? గడియారం చూసుకుని సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. మన ఖాతాలోంచి వెళ్లిన సొమ్ము ఒక ఖాతాలో ఆగదు. నిమిషాల్లో రెండో ఖాతాకు, అక్కణ్నుంచి నాలుగు ఖాతాలకు చీలిపోతుంది. దారిలో ఉండగానే ఫిర్యాదు అందితే బ్యాంకులు దాన్ని ఎక్కడికక్కడ నిలిపేయగలవు. మొదటి గంటను పోలీసులు ‘గోల్డెన్ అవర్’ అనేది అందుకే. ఆ గంటను ‘ఇంట్లో ఎలా చెప్పాలి’ అని ఆలోచించడంలో ఖర్చుచేస్తే మిగిలేది ఫిర్యాదు కాగితమే.

‘ఒక్కసారికేం కాదురా!’

గంజాయి అలవాటు పరిచయమయ్యేది ఎవరో ముఠా నాయకుడి చేతిమీదుగా కాదు. గదిలో పక్క మంచం వాడి చేతిమీదుగా. పరీక్షల ఒత్తిడి, సప్లీల దిగులు, ఫెస్ట్ రాత్రి హుషారు... ఏదో ఒక సందు. మొదట్లో ఉచితం. అలవాటయ్యాక అప్పు. అప్పు తీరే దారి లేనప్పుడు ‘ఈ బ్యాగు విశాఖ నుంచి హైదరాబాద్ దాకా తీసుకొచ్చెయ్, లెక్క చెల్లు’ అంటారు. 1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం చదువుకునే పిల్లాడని చూడదు. కిలో లోపు గంజాయి దొరికితేనే ఏడాది వరకూ జైలు. బ్యాగు బరువు 20 కిలోలు దాటిందా, కనీసం పదేళ్లు.

అదే చట్టంలో ఓ దయగల సెక్షన్ కూడా ఉంది. బానిసైనవారు తమంతట తాము గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరి, పూర్తిచేస్తే చిన్న మొత్తాల విషయంలో విచారణ నుంచి మినహాయింపు కోరే వీలు 64ఎ కల్పిస్తుంది. దాచడం కన్నా చెప్పడమే లాభమని చట్టమే అంటోంది. సమాచారం ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్‌లో 1972, తెలంగాణలో 1908 నంబర్లున్నాయి.

వదంతిని ఎవరు పట్టుకుంటారు?

2024 ఆగస్టు చివర్లో కృష్ణా జిల్లాలోని ఓ ఇంజినీరింగ్ కళాశాలలో, అమ్మాయిల హాస్టల్ స్నానాలగదుల్లో రహస్య కెమెరాలున్నాయన్న ఆరోపణ గుప్పుమంది. అర్ధరాత్రి వందలమంది సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని ఆందోళనకు దిగారు. తనిఖీల్లో కెమెరాలేవీ దొరకలేదని పోలీసులు ప్రకటించారు. అయితే ఆ అమ్మాయిలు రోడ్డెక్కింది ఎందుకు? చెబితే వినేవాళ్లు ఉన్నారన్న నమ్మకం లేకనే. నమ్మకం లేని చోటికి వదంతి ముందుగా చేరుతుంది.

రహస్యంగా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. మొదటిసారే ఏడాది నుంచి మూడేళ్ల జైలు. అనుమానాస్పద వస్తువు కనిపిస్తే చేత్తో తీయకుండా, ఉన్నచోటే ఫొటో తీసి, గది మూసి, వార్డెన్‌నూ పోలీసులనూ పిలవాలి. తీసి పగలగొడితే ఆధారం కూడా పగిలిపోతుంది. ‘చూశారా’ అంటూ గ్రూపుల్లో వచ్చే వీడియోను ముందుకు పంపేవాళ్లూ నేరంలో భాగమవుతారు. లైంగిక నేరాల బాధితుల పేరు బయటపెట్టడం కూడా చట్టరీత్యా శిక్షార్హమే.

గోడ ఎత్తు పెంచితే చాలదు

ఏదైనా జరగ్గానే కాలేజీలు చేసే మొదటి పని అమ్మాయిల హాస్టల్ గేటు ఇంకో గంట ముందు మూసేయడం. అబ్బాయిల గేటు మాత్రం తెరిచే ఉంటుంది. నేరం చేసేవాడు బయట, భయపడాల్సినవాళ్లు లోపల. ఇది పోలీసు లాకప్‌కు వ్యతిరేక దిశలో నడిచే న్యాయం! పైగా ఆలస్యమైతే జరిమానా, ఇంటికి ఫోన్. దాంతో అమ్మాయి తనకేం జరిగిందో చెప్పే ముందు ఆ సమయానికి బయట ఎందుకున్నావన్న ప్రశ్నకు జవాబు వెతుక్కోవాలి. నోరు మూయించడానికి ఇంతకన్నా ఏం కావాలి?

భద్రత అంటే లైబ్రరీ నుంచి హాస్టల్ దాకా వెలిగే దీపాలు. రాత్రి షటిల్ బస్సు. సందర్శకుల పుస్తకాన్ని నిజంగా రాయించే వాచ్‌మన్. ఏడుస్తూ వచ్చినవాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చే వార్డెన్. క్యాంపస్ లోపలా బయటా విద్యార్థుల భద్రత మీద యూజీసీ 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. అవి ఎన్ని కాలేజీల్లో అమలవుతున్నాయో విద్యార్థి సంఘాలు అడగాలి.

ఇక్కడ అమెరికా నుంచి ఒక సంగతి నేర్చుకోవచ్చు. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై విశ్వవిద్యాలయంలో జీన్ క్లెరీ అనే విద్యార్థిని తన హాస్టల్ గదిలోనే హత్యకు గురైంది. లోపలికొచ్చింది అదే వర్సిటీ విద్యార్థి. మూసి ఉండాల్సిన తలుపులు తెరిచి ఉండటమే అతడికి దారిచ్చింది. ఆమె తల్లిదండ్రులు పట్టువదలకుండా పోరాడారు. ఫలితంగా 1990లో వచ్చిన చట్టం ఇప్పుడు ఆమె పేరుతోనే క్లెరీ చట్టంగా ఉంది. దాని ప్రకారం కాలేజీలు తమ క్యాంపస్‌లో జరిగిన నేరాల లెక్కను ఏటా అక్టోబరు 1లోగా బయటపెట్టాలి. ముప్పు ఉంటే విద్యార్థులను సకాలంలో హెచ్చరించాలి. మన దగ్గర ర్యాంకుల లెక్కలు ఫ్లెక్సీలకెక్కుతాయి. భద్రత లెక్కలూ అడ్మిషన్ల సమయంలో కనిపించే రోజు రావాలి.

అమెరికా వెళ్లే మన పిల్లలకు ఆ నేరాల నివేదికే మొదటి పాఠం. వర్సిటీ వెబ్‌సైట్‌లో దాన్ని చదివాకే ఏ పేటలో గది తీసుకోవాలో నిర్ణయించుకోవాలి. రాత్రి లైబ్రరీ నుంచి గదికి తోడువచ్చే సేవ ఉందేమో మొదటివారంలోనే కనుక్కోవాలి. దుకాణాల్లో, పెట్రోలు బంకుల్లో రాత్రి పనిచేస్తూ తుపాకులకు బలైన తెలుగు విద్యార్థుల వార్తలు మనకు తెలియనివి కావు. వీసా నిబంధనలు దాటి చేసే పనిలో ఏదైనా జరిగితే ఫిర్యాదు చేయడానికీ జంకు తప్పదు. తుపాకీ చూపించి గల్లా అడిగితే ఇచ్చేయాలి. గల్లాలోది యజమాని డబ్బు. ప్రాణం అమ్మానాన్నలది.

జరగరానిది జరిగితే...

ఎక్కడైనా ఎప్పుడైనా 112. అపాయం తప్పించుకున్నాక దగ్గర్లో ఏ పోలీస్‌స్టేషన్ ఉంటే అక్కడికే వెళ్లవచ్చు. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు కనిపించకుండా పోయిన రాత్రి, ‘మా పరిధి కాదు’ అన్న మాటలతో విలువైన సమయం పోయింది. ఆ నిర్లక్ష్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు నమోదు చేయాలని ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతోంది. దాన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటాం. ఆన్‌లైన్‌లో ఇస్తే మూడు రోజుల్లోగా సంతకం చేయాలి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితం. లైంగిక నేరాల ఫిర్యాదును మహిళా అధికారే రాసుకోవాలి. ఒంటిమీది దుస్తులు ఉతక్కుండా కాగితం సంచిలో దాచాలి. ఆసుపత్రి ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా అత్యాచార, యాసిడ్ బాధితులకు వెంటనే ఉచితంగా చికిత్స చేయాలి.

ఫోన్లో దాచుకోవాల్సిన నంబర్లు

అత్యవసర సాయం: 112
మహిళా హెల్ప్‌లైన్: 181
సైబర్ మోసాలు: 1930
ర్యాగింగ్: 1800-180-5522
పద్దెనిమిదేళ్ల లోపు వారికి: 1098
మనసు బరువెక్కినప్పుడు, టెలీ మానస్: 14416

ఇక ఇంటివాళ్లకో మాట

పైన చెప్పిన కథల్లో ఒక్కటి గమనించారా? వీడియో కాల్ మోసగాడు బెదిరించేది ‘మీ నాన్నకు పంపిస్తా’ అని. వెంటపడేవాడి ధైర్యం ‘ఇంట్లో చెప్పుకోలేదులే’ అని. డబ్బు పోయినవాడు గంటలు పోగొట్టుకునేది ‘ఇంట్లో తిడతారు’ అని. ర్యాగింగ్‌కి గురైనవాడు నోరు విప్పనిది ‘అంత ఫీజు కట్టి చేర్పించారు’ అని. నేరస్థులందరి చేతిలోనూ ఒకే ఆయుధం ఉంది. అది మన ఇంటి గురించి మన పిల్లలకున్న భయం. దాన్ని వాళ్ల చేతిలోంచి లాక్కోగలిగింది పోలీసులు కాదు, మనమే.

కాబట్టి ఈసారి బస్సు కదిలే ముందు ‘జాగ్రత్త’తో ఆగిపోకండి. కిటికీ దగ్గరికెళ్లి ఇంకొక్క మాట కలపండి: ‘ఏం జరిగినా సరే, తప్పు నీదైనా సరే, ముందు మాకే చెప్పు. నిన్నేమీ అనం. ముందు వచ్చి నీ పక్కన నిలబడతాం.’